టాపెట్ సెట్ చేసినా బుల్లెట్ లాగట్లేదా? క్యామ్ ముక్కు ఎప్పుడైనా కొలిచారా?

పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ నడిపేవాళ్లకు ఈ బాధ కొత్తేమీ కాదు. బండి ఒకటి రెండు కిక్కుల్లో స్టార్ట్ అవుతుంది, ఐడ్లింగ్ పద్ధతిగా ఉంటుంది, హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో ఏ ఇబ్బందీ పెట్టదు, కానీ ములుగు రోడ్డెక్కి యాక్సిలరేటర్ తిప్పితే మాత్రం ఒక స్పీడు దాటి కదలదు. షెడ్డుకు తీసుకెళ్తే టాపెట్ సెట్ చేస్తారు, కార్బొరేటర్ విప్పి కడుగుతారు, ప్లగ్ మారుస్తారు, టైమింగ్ చూస్తారు, ఏదీ కుదరకపోతే బోర్ కొట్టించి కొత్త పిస్టన్ వేస్తారు. అంత ఖర్చు పెట్టినా బండి అదే స్పీడు దగ్గర ఆగిపోతుంది.

ఇలాంటి బళ్లలో ముందుగా అనుమానించాల్సింది క్యామ్‌ని, అంటే తిరుగుతూ తన ముక్కుతో వాల్వ్‌ని తెరిచే భాగాన్ని అని నా అభిప్రాయం. నిజానికి చాలామంది దాన్ని ఆఖర్న చూస్తారు, కొందరు అసలు చూడరు. అందుకు కారణం ఉంది. క్యామ్ ముక్కు అరిగితే టాపెట్ గ్యాప్ (వాల్వ్ మూసుకుని ఉన్నప్పుడు వదిలే సందు) మారదు, సౌండ్ రావాలని లేదు, కంప్రెషన్ కూడా దాదాపు మామూలుగానే ఉంటుంది. మనం రోజూ చేసే పరీక్షల్లో ఏదీ దాన్ని పట్టుకోలేదు.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. బుల్లెట్ ఇంజిన్‌కి కుడివైపు టైమింగ్ కవర్ వెనక రెండు క్యామ్‌లుంటాయి, ఒకటి ఇన్‌లెట్‌కి, ఒకటి ఎగ్జాస్ట్‌కి. పళ్ల చక్రాల మీదుగా క్రాంక్ వాటిని తిప్పుతుంది, క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు. క్యామ్ మీద టాపెట్ అడుగు ఆనుకుని ఉంటుంది, టాపెట్ మీద పుష్‌రాడ్, దాని పైన రాకర్, రాకర్ అవతలి కొస వాల్వ్‌ని నొక్కుతుంది. క్యామ్‌లో గుండ్రటి భాగం టాపెట్ కింద ఉన్నంతసేపు వాల్వ్ మూసుకుని ఉంటుంది, పొడుచుకొచ్చిన ముక్కు కిందికి వచ్చినప్పుడు తెరుచుకుంటుంది. ముక్కు టాపెట్‌ని ఎంత ఎత్తు లేపుతుందో దాన్నే లిఫ్ట్ అంటారు. పాత యెజ్డీ, రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్ 100 లాంటివి టూ స్ట్రోక్ బళ్లు, వాటికి వాల్వులు తెరిచే క్యామే ఉండదు కాబట్టి ఈ గొడవ వాటికి లేదు.

ఇప్పుడు టాపెట్ సెట్టింగ్ ఎలా చేస్తారో గుర్తు తెచ్చుకోండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్‌ని కంప్రెషన్ మీద పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసుకుని ఉండగా, పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. ఆ సమయంలో టాపెట్ కింద ఉండేది క్యామ్ గుండ్రటి భాగం. ముక్కు అప్పుడు ఎటో తిరిగి ఉంటుంది. అది అర మిల్లీమీటరు అరిగినా, మిల్లీమీటరు అరిగినా మీ వేళ్లకు తెలిసే దారే లేదు. సెట్టింగ్ పక్కాగా కుదురుతుంది, మెకానిక్ కూడా నిజాయితీగానే ‘టాపెట్ ఓకే’ అంటాడు, ఆయన తప్పు ఇందులో ఏమీ లేదు.

టాపెట్ అడుగు అరిగితే మాత్రం గ్యాప్ పెరుగుతుంది. వారం వారం సెట్ చేసినా మళ్లీ టక్ టక్ అని మొదలవుతోందంటే లాక్ నట్ వదులైందా అని ముందు చూడండి, అది గట్టిగానే ఉంటే టాపెట్ అడుగో, పుష్‌రాడ్ కొసో, రాకరో తినేస్తోందని అర్థం. దీనికి ఉల్టాగా, గ్యాప్ తగ్గిపోతూ పుష్‌రాడ్ బిగుసుకుంటూ ఉంటే వాల్వ్ సీటులోకి దిగిపోతోంది, అది హెడ్ పని, క్యామ్ పని కాదు. ఈ తేడా ఒక్కటి మనసులో ఉంటే సగం అనవసరపు విప్పుడు తప్పుతుంది.

లిఫ్ట్ తగ్గితే బండి ఎలా ప్రవర్తిస్తుంది? ఇన్‌లెట్ ముక్కు అరిగితే వాల్వ్ తక్కువ తెరుచుకుంటుంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్‌కి కావాల్సిన గాలే కొంచెం, అది ఆ సందులోంచి సరిపోతుంది. స్పీడు పెరిగినకొద్దీ సరిపోదు. అందుకే బజార్లో బాగుండి రోడ్డు మీద మొరాయిస్తుంది. ఎగ్జాస్ట్ ముక్కు అరిగితే కాలిన గ్యాస్ పూర్తిగా బయటికి పోదు, ఇంజిన్ ఎక్కువ వేడెక్కుతుంది, మరీ అరిగితే ఇన్‌లెట్ తెరుచుకోగానే ఆ మిగిలిన గ్యాస్ కార్బొరేటర్ వైపు తిరిగి కొడుతుంది. దాన్ని చూసి మిక్చర్ లీన్ అయిందని, అంటే పెట్రోలు పాలు తగ్గిందని, కార్బొరేటర్ జెట్ మారుస్తారు. రోగం ఒకటి, మందు ఇంకొకటి.

ఇక అసలు అరుగుదల దగ్గరికి వద్దాం. మొత్తం ఇంజిన్‌లో ఒకదాని మీద ఒకటి అతి ఎక్కువ ఒత్తిడితో రుద్దుకునే జంటల్లో క్యామ్, టాపెట్ మొదటి వరసలో ఉంటాయి. చదునైన టాపెట్ అడుగు, గుండ్రటి ముక్కు, ఈ రెండూ తాకేది ఒక సన్నటి గీత మీద. వాల్వ్ స్ప్రింగ్ బలమంతా ఆ గీత మీదే పడుతుంది. ఎన్నిసార్లు పడుతుందో లెక్కేసుకోండి. హైదరాబాద్ నుంచి వరంగల్ దాదాపు 145 కిలోమీటర్లు, ఆగకుండా మూడు గంటలు అనుకుందాం, ఇంజిన్ నిమిషానికి సగటున 3,000 చుట్లు తిరిగిందనుకుంటే క్యామ్ 1,500 చుట్లు తిరుగుతుంది, అంటే ఒక్క ప్రయాణంలో ఒక్కో ముక్కు 2,70,000 సార్లు టాపెట్ కిందికి వెళ్లి వస్తుంది.

ఆ గీత దగ్గర ఇనుమును ఇనుముకు తగలకుండా ఆపేది ఆయిల్ పొర. మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ పొర దానంతటది ఏర్పడదు, కదులుతున్న ఉపరితలాలు ఆయిల్‌ని తమతో లాక్కెళ్తేనే ఏర్పడుతుంది, తడి గచ్చు మీద వేగంగా నడిస్తే చెప్పు నీటి మీద జారినట్టు. కదలిక ఆగితే పొర పోతుంది. చదునైన టాపెట్‌తో చిక్కేంటంటే, ముక్కుకు అటూ ఇటూ రెండు చోట్ల ఆయిల్‌ని లోపలికి లాగే వేగం ఒక్క క్షణం సున్నా అవుతుంది. అక్కడ పొర దాదాపు ఉండదు, రెండు లోహాల మధ్య మిగిలేది ఆయిల్‌లో కలిపిన రసాయనం మాత్రమే. ముక్కు చుట్టుపక్కలే ముందు అరగడానికి ఇదొక పెద్ద కారణం.

ఇంకో మాట చాలామందికి వింతగా అనిపిస్తుంది. ముక్కు మీద భారం ఎక్కువగా ఉండేది స్పీడులో కాదు, ఐడ్లింగ్‌లో. వాల్వ్ పూర్తిగా తెరుచుకునే చోట దాని గమనాన్ని ఆపి వెనక్కి మళ్లించే పని స్ప్రింగ్‌ది, స్పీడు పెరిగినకొద్దీ స్ప్రింగ్ బలంలో ఎక్కువ భాగం ఆ పనికే ఖర్చవుతుంది, క్యామ్ మీద పడేది తగ్గుతుంది. స్పీడు రెట్టింపైతే ఈ ప్రభావం నాలుగు రెట్లవుతుంది. ఐడ్లింగ్‌లో ఆ ఊరట ఏమీ లేదు, స్ప్రింగ్ బలం పూర్తిగా ముక్కు మీదే, పైగా వేగం తక్కువ కాబట్టి ఆయిల్ పొరా పలచనే. పొద్దున్నే బండి స్టార్ట్ చేసి సెంటర్ స్టాండ్ వేసి పది పదిహేను నిమిషాలు అలా వదిలేసే అలవాటు ఇంజిన్‌కి మంచిదనుకుంటాం. ముక్కుకి మాత్రం అది మేలు చేయదు. అర నిమిషమో నిమిషమో ఆగి మెల్లగా నడుపుతూ వేడెక్కనివ్వడమే నయం.

ఎగ్జాస్ట్ క్యామ్‌కి అదనపు భారం ఇంకోటుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే సమయానికి సిలిండర్‌లో ఒత్తిడి పూర్తిగా చచ్చిపోదు. వాల్వ్ వ్యాసం 35 మిల్లీమీటర్లు, లోపల ఒత్తిడి 4 బార్ అనుకుంటే, స్ప్రింగ్‌తో పాటు దాదాపు 39 కిలోల బరువును కూడా క్యామ్ ఎదురు నెట్టాలి. ఆ భారం పడేది ముక్కు మీద కాదు, ముక్కుకి ఎక్కే వాలు మీద. అందుకే విప్పి చూసినప్పుడు ఎగ్జాస్ట్ క్యామ్‌ని వాలు దగ్గర కూడా జాగ్రత్తగా చూడాలి.

అరుగుదల ఒకే తీరుగా సాగదు. చాలా క్యామ్‌లకు పైన గట్టి పొర ఉంటుంది, లోపల మెత్తటి ఉక్కు. గట్టి పొర ఉన్నంతకాలం ఏళ్ల తరబడి అరిగేది లెక్కలోకి రాదు. ఆ పొర ఎక్కడైనా తెగిందా, లోపలి మెత్తటి లోహం కొన్ని వందల కిలోమీటర్లలోనే పోతుంది. ‘మొన్నటిదాకా బాగుంది, ఒక్కసారిగా లాగడం మానేసింది’ అని ఎవరైనా చెబితే కొట్టిపారేయకండి, అది సరిగ్గా అలాగే జరుగుతుంది.

ఆ పొర తెగడానికి మన ప్రాంతంలో కారణాలకు కొదవ లేదు. మొదటిది దుమ్ము. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ము, కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీల దుమ్ము. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ మామూలు ఉక్కు కంటే గట్టిది, ఎయిర్ ఫిల్టర్ చిరిగి ఉంటే అది ఆయిల్‌లో చేరి నేరుగా టాపెట్ కిందికే వస్తుంది. రెండోది తుప్పు, నా లెక్కలో ఇదే పెద్దది. నాన్నగారి బండి, తాతగారి బండి అని ఊళ్లో రేకుల షెడ్డులో పెట్టి నాలుగైదు వానాకాలాలు వదిలేస్తారు. ఆయిల్ అంతా కిందికి జారిపోతుంది, తేమ లోపలికి చేరుతుంది, ఏ టాపెట్ ఏ క్యామ్ మీద ఆగి ఉందో ఆ గీత వెంట తుప్పు గుంటలు పడతాయి. తర్వాత సరదాపడి బ్యాటరీ, పెట్రోలు వేసి కిక్ కొడితే ఆ గుంటల అంచులు రెండో దాన్ని ఆకురాయిలా గీకేస్తాయి.

మూడోది మనం చేతులారా చేసేది. స్ప్రింగ్ మెత్తబడిందని కింద వాషర్ వేయడం, లేదా స్పీడు కోసం గట్టి స్ప్రింగ్ వేయడం. బలం 20 శాతం పెంచితే ఆ గీత మీద ఒత్తిడి దాదాపు 10 శాతం పెరుగుతుంది, వినడానికి కొంచెంగానే అనిపిస్తుంది గానీ లోహం అలసిపోయి గుంటలు పడే వయసు చాలా తగ్గిపోతుంది. గ్యాప్ ఎక్కువగా వదిలేసినా నష్టమే. క్యామ్ మీద వాలు మొదలయ్యే చోట టాపెట్‌ని మెల్లగా అందుకునేలా చిన్న ఏటవాలు ఇస్తారు, గ్యాప్ పెద్దదైతే టాపెట్ దాన్ని దాటేసి నిటారు వాలు మీద ఠపీమని తగులుతుంది. మరీ బిగించినా తప్పే, వాల్వ్ సరిగ్గా మూసుకోక కాలిపోతుంది.

ఆయిల్ గురించి చాలా వాదనలు నడుస్తున్నాయి, ఇక్కడ కొంచెం ఓపిగ్గా చూడాలి. ఇందాక చెప్పిన రసాయనం పేరు జెడ్‌డీడీపీ. జింక్, ఫాస్ఫరస్, సల్ఫర్ ఉన్న ఈ పదార్థం 1940ల నుంచి ఇంజిన్ ఆయిల్స్‌లో ఉంది. రుద్దుడు వేడికి అది లోహం మీద గాజులాంటి సన్నటి పొర కడుతుంది, ఇనుము బదులు ఆ పొర అరుగుతుంది, మళ్లీ కట్టుకుంటుంది. కార్లలో పొగ శుద్ధి చేసే కెటాలిటిక్ కన్వర్టర్‌ని ఫాస్ఫరస్ పాడు చేస్తుంది కాబట్టి అమెరికా వాళ్లు పెట్టిన ఏపీఐ ఆయిల్ ప్రమాణాల్లో కొత్తవాటిలో దాన్ని తగ్గించారు. 2004లో వచ్చిన ఎస్‌ఎం అనే ప్రమాణం నుంచి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పలచటి గ్రేడ్లలో ఫాస్ఫరస్ 0.08 శాతం దాటకూడదు. దీన్ని పట్టుకుని ‘కొత్త ఆయిల్స్ అన్నీ పాత క్యామ్‌లని తినేస్తాయి’ అనే టెన్షన్ అమెరికా కార్ల వాళ్ల నుంచి మనదాకా వచ్చింది.

మన బుల్లెట్‌లో పోసేది 20డబ్ల్యూ-50. ఆ పరిమితి ఈ గ్రేడ్‌కి వర్తించదు. పైగా మోటార్‌సైకిళ్ల కోసం జపాన్ వాళ్లు పెట్టిన జాసో ఎంఏ ప్రమాణంలో ఫాస్ఫరస్ 0.08 నుంచి 0.12 శాతం మధ్య ఉండాలి, అంటే కనీసం ఇంత ఉండి తీరాలని కూడా ఉంది. డబ్బా మీద 20డబ్ల్యూ-50, జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉంటే మీ క్యామ్‌కి కావాల్సింది అందులో ఉంది. పైనుంచి యాడిటివ్ సీసాలు కలపడం నాకు నచ్చదు, జింక్ మరీ ఎక్కువైనా మంచిది కాదు. కారు కోసం తెచ్చిన పలచటి సింథటిక్ మిగిలింది కదా అని పోయడం మాత్రం వద్దు. రామగుండం ఎండల్లో మధ్యాహ్నం నడిపే బండికి ఆ పలచదనం అసలే పనికిరాదు.

ఆయిల్ ఏదైనా అది క్యామ్ దాకా చేరాలి కదా. బుల్లెట్‌లో రాకర్లకు బయటి పైపు ద్వారా వెళ్లిన ఆయిల్ పుష్‌రాడ్ గొట్టాల్లోంచి కిందికి, టాపెట్ల మీదికి, టైమింగ్ కేసులోకి దిగుతుంది. రాకర్ పైపులో చెత్త అడ్డుపడితే పైన రాకర్లతో పాటు కింద టాపెట్లకూ ఆయిల్ తగ్గిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆ పైపు బోల్టు కొంచెం వదులు చేస్తే ఆయిల్ వస్తోందో లేదో తెలిసిపోతుంది. హీరో హోండా సీడీ 100 లాంటి బళ్లలో క్యామ్ హెడ్‌లోనే పైన ఉంటుంది, టాపెట్ బదులు రాకర్ కొసే దాని మీద రుద్దుకుంటుంది, మొత్తం ఆయిల్ లీటరు కూడా ఉండదు. ఆయిల్ లెవెల్ చూసుకోకుండా నడిపిన సీడీ 100లో ముందుగా చారలు పడేది ఆ క్యామ్, రాకర్ జంట మీదే.

సరే, కొలిచేది ఎలా? ఇంజిన్ విప్పక్కర్లేదు. ప్లగ్ తీసేయండి, బండిని టాప్ గేర్‌లో వేసి వెనక చక్రం చేత్తో తిప్పండి. రాకర్ కవర్ తీసి వాల్వ్ స్ప్రింగ్ టోపీ మీద డయల్ గేజ్ ఆనించి, వాల్వ్ మూసుకున్నప్పుడు సున్నా చేసి, పూర్తిగా తెరుచుకునేదాకా తిప్పి చదవండి. డయల్ గేజ్ లేకపోతే సిలిండర్ కుడిపక్కన కింద ఉండే టాపెట్ కవర్ తీసి, పుష్‌రాడ్ అడ్జస్టర్ ఎంత ఎత్తు లేస్తోందో వెర్నియర్‌తో కొలవచ్చు, అంత కచ్చితంగా రాదు గానీ మిల్లీమీటరు తేడా దాగదు. ఆ అంకెని అదే మోడల్ కొత్త క్యామ్‌తో పోల్చాలి. స్పేర్‌పార్ట్స్ షాపులో కొత్త క్యామ్‌ని చేతిలోకి తీసుకుని, ముక్కు నుంచి వెనక దాకా ఒక కొలత, దానికి అడ్డంగా గుండ్రటి భాగం ఒక కొలత తీసి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే లిఫ్ట్ వస్తుంది. ఉదాహరణకు 32 లోంచి 25 పోతే 7 మిల్లీమీటర్లు.

లిఫ్ట్ తగ్గిందని తేలాక టైమింగ్ కవర్ విప్పితే, టాపెట్ అడుగు చాలా విషయాలు చెబుతుంది. బయటికి తీసి గుడ్డతో తుడిచి, ఎండలో ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఆరోగ్యంగా ఉన్న టాపెట్ నడుస్తూ తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది, కాబట్టి అడుగు మీద ఒకదానిలో ఒకటి సన్నటి వలయాలు కనిపిస్తాయి, అరుగుదల అంతటా పంచుకుపోతుంది. వలయాలు లేకుండా మధ్యలో ఒక అడ్డ పట్టీలా మెరుస్తుంటే ఆ టాపెట్ గైడ్‌లో పట్టేసి తిరగడం మానేసింది, ఒకే చోట ముక్కు రుద్దుకుంటోంది. పట్టీ మీద గోరు అడ్డంగా లాగితే అంచు దగ్గర తగులుతుంది. చిన్న చిన్న గుంటలు ఉంటే లోహం అలసిపోయింది, పొడుగు గీతలు, చిరిగినట్టు మరకలు ఉంటే ఆయిల్ అందక రెండు లోహాలు అతుక్కుని విడిపోయాయి, సన్నగా బూడిదరంగులో అంతటా అరిగి ఉంటే దుమ్ము. ఈ మూడింట్లో ఏదో తెలుసుకోకుండా కొత్త పార్టులు వేస్తే అవీ అదే దారిన పోతాయి.

మార్చేటప్పుడు క్యామ్‌నీ టాపెట్‌నీ జంటగా మార్చాలి. కొత్త క్యామ్ మీద పాత టాపెట్ పెడితే దాని మీదున్న గాడి కొత్త ముక్కుని మొదటి రోజే పాడుచేస్తుంది, డబ్బు మిగిలినట్టే ఉండి రెండింతలు పోతుంది. లేత్ షాపులో వెల్డింగ్ పోయించి గ్రైండ్ చేయించుకోవడం బుల్లెట్‌కి దండగ, కొత్త క్యామ్‌లు దొరుకుతున్నాయి. బీఎస్ఏనో మ్యాచ్‌లెస్సో, అలాంటి పాత బ్రిటిష్ బండి ఉండి పార్టు దొరక్కపోతే తప్పదు, అప్పుడు గట్టి వెల్డింగ్ పదార్థం వాడారా, గ్రైండింగ్ అయ్యాక హార్డెనింగ్ సంగతేంటి అని అడగందే ఒప్పుకోకండి.

బజార్లో దొరికే క్యామ్‌లలో మెత్తటివీ ఉంటాయి. కొనే ముందు, టాపెట్ తాకని పక్క అంచు మీద చిన్న ఆకురాయి ఒకసారి నెట్టమని షాపు వాళ్లని అడగండి. గట్టి లోహం మీద ఆకురాయి జారిపోతుంది, పట్టుకుని గీత పడితే అది వద్దు. ఇంకా కచ్చితంగా కావాలంటే, లోహం గట్టిదనం కొలిచే రాక్‌వెల్ హార్డ్‌నెస్ టెస్టర్ ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఉండే మామూలు పరికరమే, తెలిసినవాళ్లుంటే ఒక ముక్క చూపించుకోవచ్చు.

బిగించేటప్పుడు ముక్కుకీ టాపెట్ అడుగుకీ మాలిబ్డినం ఉన్న అసెంబ్లీ పేస్టు రాయండి, టాపెట్ గైడ్‌లో వేళ్లతో తిప్పితే తిరుగుతోందో లేదో చూడండి, పుష్‌రాడ్ గొట్టాల్లో కొంచెం ఆయిల్ పోయండి. ప్లగ్ లేకుండా కిక్ కొడుతూ పంపు ఆయిల్ లాగేదాకా ఆగండి, ఈలోపు స్టార్ట్ చేయొద్దు. కార్బొరేటర్, టైమింగ్ ముందే సరిచూసుకుంటే ఒకటి రెండు కిక్కుల్లో అందుకుంటుంది, లేకపోతే గంటసేపు కొట్టే ప్రతి కిక్కూ పొడి ముక్కు మీద రుద్దుడే. అందుకున్నాక ఐడ్లింగ్‌లో వదలకుండా 2,000 చుట్ల చుట్టుపక్కల, కాస్త పైకీ కిందికీ మారుస్తూ నడిపించాలి. గాలి తగలకుండా నిలబెట్టి ఎక్కువసేపు ఉంచితే ఈ ఎయిర్ కూల్డ్ ఇంజిన్ వేడెక్కిపోతుంది కాబట్టి, నిమిషం రెండు నిమిషాలు చూసి లీకులు లేవనుకుంటే నేరుగా రోడ్డెక్కి ఇరవై నిమిషాలు తక్కువ లోడుతో తిప్పి రండి. చల్లారాక పుష్‌రాడ్ సెట్టింగ్ మళ్లీ చూడాలి, 300 కిలోమీటర్లకో 500 కిలోమీటర్లకో మొదటి ఆయిల్ మార్చేయాలి. ఆ తీసిన ఆయిల్‌ని తెల్లటి పళ్లెంలో పోసి ఎండలో చూసి, అడుగున అయస్కాంతం తిప్పండి. మొదటిసారి సన్నటి బూడిదలాంటి పొడి అంటితే ఫర్వాలేదు, రెండో ఆయిల్‌లో కూడా మెరిసే రేణువులు వస్తున్నాయంటే కవర్ మళ్లీ విప్పి టాపెట్ అడుగు చూడాల్సిందే.